చన్నీటి చిప్పజీవుల జీనోమ్‌లో పునరుక్తులు: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

నన్ను ఈ పనికి పురిగొల్పింది ఒక అంకె. అంటార్కిటిక్ క్రిల్ జీనోమ్‌ను, అంటే దాని డీఎన్‌ఏ మొత్తం వరుసను, 2023లో ప్రచురించారు. దాని పొడవు 4,800 కోట్ల అక్షరాలు (డీఎన్‌ఏను రాసే ఏ, టీ, జీ, సీలు). మనిషి జీనోమ్ 310 కోట్లు. వేలెడంత రొయ్యలాంటి ప్రాణిలో మనిషికి పదిహేను రెట్ల డీఎన్‌ఏ ఉందన్నమాట. అందులో 92 శాతం పునరుక్తి, అంటే ఒకే రకం వరుస మళ్లీ మళ్లీ అచ్చుపడినది. అది చదివిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

చలి నీటికీ ఈ పునరుక్తులకూ సంబంధం ఉందా? ఉండవచ్చు అనడానికి ఒక వాదన ఉంది. చల్లని నీటిలో జీవక్రియ నెమ్మది, కణ విభజన కూడా నెమ్మది. పెద్ద జీనోమ్‌ను ప్రతి విభజనలోనూ నకలు తీయవలసిన భారం అక్కడ అంతగా బాధించదు. కాబట్టి గెంతే జన్యువులు (ట్రాన్స్‌పోజాన్లు), అంటే జీనోమ్‌లో చోటు మారుతూ ప్రతులు పెంచుకునే వరుసలు, పేరుకుపోయినా ప్రకృతి వాటిని కఠినంగా ఏరివేయదు. వినడానికి చక్కగా ఉంది. ఇంతకంటే బలహీనమైన వాదనలు కూడా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి కాబట్టి దీన్ని నా చేత్తో పరీక్షించి చూడాలనిపించింది.

క్రిల్ జీనోమ్ నా యంత్రానికి అందదు. పదహారు కోర్లు, 64 గిగాబైట్ల మెమరీ, అంతే. అందుకే రెండు చిప్పల జీవులను ఎంచుకున్నాను: మసెళ్లు, స్కాలప్‌లు, ఆల్చిప్పలు. వాటి జీనోమ్‌లు మోయగలిగినంతే ఉంటాయి, చాలావరకు ఎవరైనా దించుకునేలా ప్రజల ముందు ఉన్నాయి.

2వ రోజు

జాతుల ఎంపికకు రోజంతా పట్టింది. చివరికి అయిదు మిగిలాయి.

చలి వైపు మూడు. ఉత్తర అట్లాంటిక్ తీరపు బురదలో పూడుకుని బతికే మయా అరినేరియా, 122 కోట్ల అక్షరాలు, 17 క్రోమోజోములు. నార్వే మొదలుకొని దక్షిణంగా ఐరోపా తీరమంతా ఉండే స్కాలప్ పెక్టెన్ మాక్సిమస్, సుమారు 92 కోట్లు, 19 క్రోమోజోములు. మూడోది గిగాంటిడాస్ ప్లాటిఫ్రాన్స్, సముద్రగర్భంలో మీథేన్ ఊరే చోట్ల చాలా లోతున, ఎప్పుడూ కొన్ని డిగ్రీలు దాటని నీటిలో ఉండే మసెల్, 164 కోట్లు. దీని మొప్పల్లో మీథేన్‌ను తినే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. ఆ బ్యాక్టీరియా డీఎన్‌ఏ నా లెక్కల్లోకి చొరబడకుండా చూసుకోవాలి.

వెచ్చని వైపు దాని దగ్గరి బంధువు మోడియోలస్ ఫిలిప్పినారం, ఉష్ణమండలపు లోతులేని నీళ్లది. 238 కోట్లు. ఈ రెండు మసెళ్ల జీనోమ్‌లు 2017లో ఒకే పత్రంలో వచ్చాయి, అంటే ఒకే బృందం, ఒకే పద్ధతి. పోలికకు ఇంతకంటే మంచి జంట దొరకదు. ఇక కొలబద్దగా పసిఫిక్ ఆల్చిప్ప. గడ్డకట్టే చలి నుంచి మండే ఎండ దాకా తట్టుకునే ఈ జీవి గురించి అందరికంటే ఎక్కువ తెలుసు.

3వ రోజు

మొదటి పరుగు. పునరుక్తులను గుర్తించి మరుగుపరిచే రిపీట్‌మాస్కర్‌కు, తెలిసిన పునరుక్తి కుటుంబాలను దాచిన డీఫామ్ భాండాగారాన్ని మాత్రమే ఇచ్చి మయా మీద నడిపాను. వచ్చిన శాతం చాలా తక్కువ. ఒక్క క్షణం సంబరపడ్డాను, మయాలో పునరుక్తులే లేవేమోనని. ఆ తర్వాత డీఫామ్ ఎలా పుట్టిందో గుర్తొచ్చింది. అందులో మొదట చేతితో సరిదిద్ది పెట్టినవి మనిషి, ఎలుక, జీబ్రాఫిష్, పండ్ల ఈగ, నులిపురుగు కుటుంబాలు. చిప్పజీవుల వంశం వీటన్నిటి నుంచీ విడిపోయి యాభై కోట్ల ఏళ్లు దాటింది. తెలుగు వచనాన్ని కన్నడ నిఘంటువు పట్టుకుని చదివితే తత్సమాలను మాత్రమే గుర్తుపడతాం, అచ్చ తెలుగు మాటలన్నీ జారిపోతాయి. నాకు దొరికినవి ఆ తత్సమాలే.

ముందుగా ఏ జీవికి ఆ జీవి నిఘంటువు తయారుచేయాలి.

4వ రోజు నుంచి 8వ రోజు వరకు

నిఘంటువు తయారుచేసేది రిపీట్‌మోడలర్. ఇది జీనోమ్‌లోంచి కొన్ని ముక్కలు తీసి వాటిని వాటితోనే పోల్చుతుంది. ఒకే వరుస చాలాచోట్ల కనిపిస్తే వాటిని ఒక కుటుంబంగా కట్టి, ఆ కుటుంబానికి ఒక ఉమ్మడి వరుసను రాసిపెడుతుంది. ఇలా విడతలు విడతలుగా, ప్రతిసారీ ఇంకాస్త పెద్ద ముక్కతో. 2020లో వచ్చిన రెండో వెర్షన్ పొడవైన చివరి పునరుక్తులున్న రెట్రోట్రాన్స్‌పోజాన్లను (ఆర్‌ఎన్‌ఏ ప్రతి ద్వారా గెంతేవి) విడిగా కూడా వెతుకుతుంది.

ఆల్చిప్ప ఒకటిన్నర రోజులో పూర్తయింది. మయా మీద మూడో రోజున డిస్కు నిండి పని ఆగింది. మధ్యలో ఆగినచోటి నుంచి కొనసాగించే సదుపాయం ఉంది కాబట్టి బతికిపోయాను. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందే డిస్కులో చాలా ఖాళీ చేసుకోండి, తాత్కాలిక ఫైళ్లే ఊహించనంత చోటు తింటాయి.

9వ రోజు

నిఘంటువులు వచ్చాయి. వాటితో మళ్లీ మాస్కింగ్ చేస్తే శాతాలు ఒక్కసారిగా ఎగబాకాయి. జీవి మారలేదు, జీనోమ్ ఫైలూ మారలేదు. మారింది నా నిఘంటువు ఒక్కటే. ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి తెర పక్కన అంటించుకున్నాను.

నిరుత్సాహపరిచింది వేరే విషయం. అయిదు జీవుల్లోనూ అన్నిటికంటే పెద్ద వర్గం పేరు ‘తెలియనివి’. కుటుంబం ఉంది, సభ్యులు వేల సంఖ్యలో ఉన్నారు, గోత్రం మాత్రం తెలియదు. ఇంత భాగానికి పేరు పెట్టకుండా చలి గురించి ఏమి మాట్లాడగలం?

పేరున్నవాటిలో హెలిట్రాన్లు బాగానే కనిపించాయి. ఇవంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 2001లో కపిటోనోవ్, జుర్కా అనే ఇద్దరు వీటిని ప్రయోగశాల బల్ల మీద కాకుండా కంప్యూటర్‌లో వరుసలు చదువుతూ కనిపెట్టారు. ఆవగింజ కుటుంబపు చిన్న మొక్క అరాబిడాప్సిస్, వరి, నులిపురుగు, ఈ మూడింటి జీనోమ్‌లలో. మిగతా ట్రాన్స్‌పోజాన్లు చాలావరకు దూరిన చోట లక్ష్య వరుసను రెండుగా చేసి గుర్తు వదులుతాయి. హెలిట్రాన్ అలా వదలదు. ఏ, టీ అక్షరాల మధ్య నిశ్శబ్దంగా దూరుతుంది. టీసీతో మొదలై, చివర సీటీతో పాటు మరో రెండు అక్షరాలతో, దానికి కాస్త ముందు మడతపడే చిన్న వరుసతో ముగుస్తుంది. ఇంత సన్నని ఆనవాలు కావడం వల్ల యాంత్రికంగా వెతికే పనిముట్లు దీన్ని ముక్కలు ముక్కలుగా పట్టుకుంటాయి. ‘తెలియనివి’లో ఎన్ని హెలిట్రాన్ తునకలు ఉన్నాయో చేతితో చూస్తే తప్ప తేలదు.

10వ రోజు

యంత్రం పని చేస్తోంది, నేను పాత పత్రాలు తిరగేశాను. జీనోమ్‌లో పునరుక్తి ఉందన్న సంగతి ఒక్క అక్షరాన్నీ చదవకముందే తెలిసింది. 1968లో బ్రిటన్, కోనీ డీఎన్‌ఏను ముక్కలు చేసి, వేడితో పోగులు విడదీసి, అవి మళ్లీ జతకట్టే వేగాన్ని కొలిచారు. ఎక్కువ ప్రతులున్న ముక్కకు జత త్వరగా దొరుకుతుంది. ఒకే ఒక్క ప్రతి ఉన్నదానికి చాలాసేపు పడుతుంది. ఆ వేగాల్లోనే జీనోమ్‌లో ఎంత భాగం పునరుక్తో బయటపడింది. నిఘంటువు అవసరం లేని కొలత అది. ఈ ఆలోచన నాకు తర్వాత పనికొచ్చింది.

14వ రోజు

మయా, ఆల్చిప్పలతో మొదలుపెట్టి నిఘంటువులన్నిటినీ శుభ్రం చేయడానికి పూనుకున్నాను. ఒక్కొక్క ఉమ్మడి వరుసనూ తెలిసిన ప్రొటీన్లతో పోల్చాను. మొదటి గంటలోనే ఒళ్లు జలదరించింది. ఆల్చిప్ప ‘తెలియనివి’లో ఒకటి అచ్చంగా హెచ్‌ఎస్‌పీ70 జన్యువు. వేడిమికి, ఒత్తిడికి ప్రొటీన్లు చెడిపోకుండా కాచే జన్యువు. 2012లో వచ్చిన ఆల్చిప్ప జీనోమ్‌లో ఇలాంటివి 88 లెక్కపెట్టారు. అన్ని ప్రతులున్న జన్యువు రిపీట్‌మోడలర్ కంటికి ట్రాన్స్‌పోజాన్ లాగే కనిపిస్తుంది. నేను ఈ నిఘంటువుతో జీనోమ్‌ను మరుగుపరిచి, ఆ తర్వాత జన్యువుల కోసం వెతికి ఉంటే, ఉష్ణోగ్రతకు తట్టుకునే శక్తికి మూలమైన జన్యువులనే తుడిచేసి, చలి గురించి తీర్మానాలు చేసి ఉండేదాన్ని.

అలాంటివి చాలానే ఉన్నాయి. కణం తనను తాను చంపుకోకుండా ఆపే జన్యువులు, రోగనిరోధకానికి సంబంధించినవి. చిప్పజీవుల్లో జన్యు కుటుంబాలు ఇలా విస్తరించడం మామూలే. ప్రొటీన్‌తో సరిపోలి, ట్రాన్స్‌పోజాన్ ఎంజైముతో సరిపోలని ప్రతి వరుసనూ తీసేశాను. శాతాలు కొద్దిగా దిగాయి. ఈ దశ దాటవేసి ప్రకటించిన అంకెలను ఇక నేను సులభంగా నమ్మలేను.

15వ రోజు

నిన్నటి భయంతో మసెళ్ల జిగురు జన్యువు కోసం వెతికాను. మసెల్ రాతికి అంటుకునే దారాల పైపూతలో ఒక ప్రొటీన్ ఉంటుంది. నీలి మసెల్, అంటే మిటిలస్ ఎడ్యులిస్‌లో, ఆ ప్రొటీన్ పది అమైనో ఆమ్లాల వరుస ఒకటి సుమారు 80 సార్లు తిరిగి తిరిగి వచ్చి తయారైనది. ఆ మసెల్ జీనోమ్‌నూ దించుకుని చూశాను. అనుకున్నట్టే వరుస పునరుక్తులను, అంటే ఒకదాని వెంట ఒకటిగా వచ్చే ప్రతులను, వెతికే సాధనం జన్యువు నడిబొడ్డునంతా చిన్న అక్షరాల్లోకి మార్చేసింది. చెరిపేసి దాని చోట ‘ఎన్’ అన్న ఖాళీ గుర్తులు పెట్టలేదు, అదృష్టం. అందుకే ఎప్పుడూ మెత్తని మాస్కింగ్ చేయమని చెబుతాను. చిన్న అక్షరాల్లో ఉన్నది మళ్లీ చదవవచ్చు, చెరిగినది చదవలేం.

మన అలంకారశాస్త్రంలో పునరుక్తి ఒక దోషం. అదే శాస్త్రం లాటానుప్రాసను అలంకారంగా లెక్కిస్తుంది. అక్కడ మాటా అదే, అర్థమూ అదే, తాత్పర్యం మాత్రం వేరు. ఈ జిగురు జన్యువును చూస్తుంటే ఆ తేడాయే మనసులో మెదిలింది. ఒక్క ముక్కకు పట్టు ఉండదు. ఎనభై ముక్కలు వరుసగా పేరిస్తే అలల తాకిడికీ ఊడని జిగురు. ఇది దోషం ఎలా అవుతుంది?

19వ రోజు

శుభ్రం చేసిన నిఘంటువులతో అయిదు జీవులనూ ఒకే అమరికతో మాస్కింగ్ చేశాను. రెండు మసెళ్ల ఫలితం నా వాదనకు ఎదురు తిరిగింది. లోతైన చలి నీటి గిగాంటిడాస్‌లో తక్కువ, వెచ్చని మోడియోలస్‌లో ఎక్కువ. 2017 పత్రం చెప్పింది కూడా అదే. గిగాంటిడాస్‌లో దాదాపు సగం పునరుక్తి, మోడియోలస్‌లో 60 శాతం పైన. ఆ పత్రాన్ని మొదటి రోజే చదివి ఉన్నాను. అయినా నా చేత్తో వచ్చేదాకా వాదనను వదులుకోవడానికి మనసొప్పలేదు.

క్రిల్ గురించి మళ్లీ ఆలోచించాను. క్రిల్‌ది చలి, నిజమే. కానీ 2019లో వచ్చిన తెల్లకాళ్ల రొయ్య జీనోమ్ చూడండి. వెచ్చని నీటి జీవి, 166 కోట్ల అక్షరాలు. అందులో దాదాపు 24 శాతం ఒకటి నుంచి ఆరు అక్షరాల చిన్న వరుసల పునరుక్తే. అంత మొత్తంలో చిన్న వరుసలు ఉన్న జంతువులు అరుదు. చలిలో ఒక రకం, వెచ్చదనంలో మరో రకం. మొత్తాన్ని ఒక శాతంగా కుదిస్తే ఈ రెండూ ఒకే గంపలో పడతాయి.

ఇంతటితో తీర్పు చెప్పేయవచ్చా? చెప్పలేం. ఈ రెండు మసెళ్ల జీనోమ్‌లూ పొట్టి రీడ్‌లతో, అంటే యంత్రం ఒక్కో విడతలో చదివే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో, కూర్చినవి. అచ్చం ఒకేలా ఉన్న రెండు ప్రతులు ఒక రీడ్ పొడవు కంటే పెద్దవైతే, కూర్చే ప్రోగ్రాం వాటిని విడదీయలేక ఒకటిగా కలిపేస్తుంది. అంటే ఈ మధ్యే గెంతిన, ఇంకా మార్పు చెందని ప్రతులే ముందుగా మాయమవుతాయి. ఆల్చిప్ప దీనికి మంచి ఉదాహరణ. 2012 నాటి కూర్పు 55.9 కోట్ల అక్షరాలు. పొడవైన రీడ్‌లతో 2021లో వచ్చిన క్రోమోజోమ్ స్థాయి కూర్పు 64.7 కోట్లు. జీవి అదే.

దీనికి తలకిందులుగా మరో చిక్కు ఉంది. చిప్పజీవుల్లో తల్లి నుంచి వచ్చిన క్రోమోజోముకూ తండ్రి నుంచి వచ్చినదానికీ తేడా చాలా ఎక్కువ. ఆ తేడా చూసి ప్రోగ్రాం ఒకే ప్రదేశాన్ని రెండు వేరు ప్రదేశాలుగా రాసిపెడుతుంది. అప్పుడు లేని ప్రతులు పుట్టుకొస్తాయి. ఒక పొరపాటు తగ్గిస్తుంది, ఒకటి పెంచుతుంది. రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయని ఆశించడం తప్పు.

22వ రోజు

బ్రిటన్, కోనీల ఆలోచన ఇక్కడ పనికొచ్చింది. కూర్పును పక్కనపెట్టి ముడి రీడ్‌ల దగ్గరకే వెళ్లాను. జీనోమ్ పొడవులో పదో వంతుకు సమానమైన రీడ్‌లను యాదృచ్ఛికంగా తీసుకుంటే, ఒక్క ప్రతి ఉన్న వరుసలో రెండు రీడ్‌లు ఒకదాని మీద ఒకటి పడే అవకాశం చాలా తక్కువ. వేల ప్రతులున్న వరుసలో మాత్రం రీడ్‌లు గుట్టగా పడతాయి. ఆ గుట్టలను కూర్చితే పునరుక్తి కుటుంబాలే బయటికొస్తాయి. డీఎన్‌ఏపైప్‌టీఈ అనే ప్రోగ్రాం చేసేది ఇదే. 1968లో గాజు గొట్టంలో చేసినదాన్ని ఇప్పుడు అంకెలతో చేస్తున్నాం.

పెక్టెన్‌కు రెండు పద్ధతుల ఫలితాలూ దగ్గరగా వచ్చాయి. దాని కూర్పు పొడవైన రీడ్‌లది కాబట్టి అలా రావడం న్యాయమే. మసెళ్లలో తేడా పెద్దదే. క్రమం మాత్రం మారలేదు, వెచ్చని మసెల్‌లోనే ఎక్కువ. ఒక జంటతో చలి సిద్ధాంతం కూలిందని రాయను. ఆ సిద్ధాంతం చిప్పజీవులన్నిటికీ వర్తించదని మాత్రం ధైర్యంగా రాస్తాను.

మొదటి మూడు వారాల అంకెల పట్టికను ‘పాతవి’ అన్న ఫోల్డర్‌లోకి తోసేశాను.

27వ రోజు

ఉపగ్రహ డీఎన్‌ఏ వంతు. ఒకే వరుస తల, తోక అంటుకుని వందలు వేలుగా వరుసకట్టి ఉండేది ఇది. పాత రోజుల్లో సీసియం క్లోరైడ్ ద్రావణంలో డీఎన్‌ఏను గిరగిరా తిప్పితే ప్రధాన పట్టీకి కాస్త దూరంగా మరో చిన్న పట్టీగా తేలేది కాబట్టి ఆ పేరు.

చిప్పజీవుల్లో ఒక ఉపగ్రహం ఉంది, బీఐవీ160. సుమారు 160 అక్షరాల ముక్క. 2010లో దాన్ని రెండు చిప్పల జీవుల మూడు ప్రధాన శాఖలకు చెందిన తొమ్మిది జాతుల్లో వివరించారు. ఆ శాఖల ఉమ్మడి పూర్వీకుడు సుమారు 54 కోట్ల ఏళ్ల నాటివాడు. ఉపగ్రహాలు సాధారణంగా చాలా త్వరగా మారిపోతాయి, దగ్గరి జాతుల మధ్యే పోలిక దొరకదు. ఇది మాత్రం పర్వతాలు పుట్టి అరిగిపోయినంత కాలం నిలిచింది. నా ఆల్చిప్ప జీనోమ్‌లో ఈ కుటుంబపు వరుసలు వెంటనే దొరికాయి. మిగతావాటిలో అన్వేషణ సాధనం మొదట సరిపోల్చే ముక్క పొడవును బాగా తగ్గిస్తే తప్ప ఏమీ కనిపించలేదు. కనిపించినవీ చెదిరిన తునకలు. మూడు రోజుల పనికి చేతికొచ్చింది కొంచెమే.

మరో గమనిక. పాఠ్యపుస్తకం ప్రకారం ఉపగ్రహ డీఎన్‌ఏ క్రోమోజోమ్ నడుముల దగ్గర పెద్ద గుట్టలుగా ఉండాలి. పసిఫిక్ ఆల్చిప్పలో 52 ఉపగ్రహ కుటుంబాలను పట్టుకున్న 2021 నాటి అధ్యయనం, అవి క్రోమోజోముల పొడవునా వెదజల్లినట్టు చిన్న చిన్న వరుసలుగా ఉన్నాయని చూపింది. అలా వెదజల్లడంలో హెలిట్రాన్‌ల పాత్ర ఉంది. కడుపులో నాలుగైదు ఉపగ్రహ ముక్కలను మోసుకుంటూ గెంతే మూలకాలు ఇవి. నేను తొమ్మిదో రోజున హెలిట్రాన్‌లనూ వరుస పునరుక్తులనూ రెండు వేరు వర్గాలుగా లెక్కపెట్టాను. ఒకే అక్షరం రెండు ఖాతాల్లో పడి ఉంటుంది. లెక్క మళ్లీ చేయాలి.

33వ రోజు

ఈ ప్రాజెక్టులో నన్ను పూర్తిగా లోబరుచుకున్న రోజు ఇది.

మయాలో స్టీమర్ అనే రెట్రోట్రాన్స్‌పోజాన్ ఉంది. అమెరికా తీరంలో ఆ జీవికి వాడుకలో ఉన్న పేరునే దీనికీ పెట్టారు. సుమారు అయిదు వేల అక్షరాల పొడవు, రెండు చివరలా 177 అక్షరాల ఒకే వరుస. తన ఆర్‌ఎన్‌ఏ ప్రతిని తిరిగి డీఎన్‌ఏగా రాసుకుని జీనోమ్‌లో వేరొక చోట దూరుతుంది. 2014లో వచ్చిన పత్రం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మయా కణాల్లో దీని ప్రతులు 2 నుంచి 10. రక్త క్యాన్సర్ లాంటి జబ్బు చేసిన మయా కణాల్లో 150 నుంచి 300.

అసలు ఆశ్చర్యం ఆ మరుసటి ఏడాది బయటపడింది. వేరు వేరు చోట్ల పట్టిన జబ్బు జీవుల్లో స్టీమర్ దూరిన స్థానాలు ఒకటే. ఒక ట్రాన్స్‌పోజాన్ రెండు వేరు జీవుల్లో వందలాది చోట్ల యాదృచ్ఛికంగా ఒకే అక్షరం దగ్గర దూరడం అసంభవం. మైకేల్ మెట్జ్‌గర్, స్టీఫెన్ గాఫ్ బృందం దాన్నుంచి తేల్చింది ఇదీ: ఆ క్యాన్సర్ ఆ జీవులది కాదు. ఎప్పుడో ఒక మయాలో పుట్టిన క్యాన్సర్ కణాలే సముద్రపు నీటి ద్వారా ఒక జీవి నుంచి మరో జీవికి అంటుకుంటున్నాయి. జీవి చచ్చిపోయింది, దాని కణాలు మాత్రం ఇతరుల ఒంట్లో బతుకుతున్నాయి. 2023లో పూర్తి జీనోమ్‌లను పోల్చి ఈ క్యాన్సర్ వయసు రెండు శతాబ్దాలకు పైనే అని అంచనా వేశారు.

నేను వాడుతున్న మయా జీనోమ్ ఆ 2023 పనిలోనిదే, ఆరోగ్యమైన జీవిది. అందులో 177 అక్షరాల చివరి వరుసతో వెతికాను. పూర్తి ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే దొరికాయి, ప్రచురిత లెక్కకు లోబడే. వాటితో పాటు లోపలి భాగం పోయి ఒంటిగా మిగిలిన చివరలు కూడా. ప్రతి ప్రతికీ ఇరుపక్కలా వెయ్యి అక్షరాలు కత్తిరించి, వరుసగా పేర్చి, కంటితో చూశాను. రెండు చివరల వరుసలు ఒకదానితో ఒకటి దాదాపు అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. దూరే క్షణంలో ఆ రెండూ ఒకేలా పుడతాయి, తర్వాత కాలంతో వేరుపడతాయి. అంటే ఈ ప్రతులు నిన్న మొన్నటివి, పరిణామ కాలంలో చూస్తే.

ఇప్పుడు శాతం లెక్క వేయండి. పది ప్రతులు, ఒక్కోటి అయిదు వేలు, మొత్తం యాభై వేల అక్షరాలు. 122 కోట్లలో అది నా పట్టికలో సున్నాగా గుండ్రపరచబడుతుంది. మయా జీనోమ్‌లో ప్రాణాంతకమైన జబ్బు చరిత్రను మోస్తున్న పునరుక్తి, నా దిమ్మెల పటంలో ఒక్క గీతంత మందం కూడా లేదు.

34వ రోజు

నిన్నటి ఊపులోనే స్టీమర్ బంధువుల కోసం మిగతా జీవుల్లో వెతికాను. పోలిన వరుసలు ఉన్నాయి. 2018లో వచ్చిన పత్రం ఇలాంటి మూలకాలు చిప్పజీవుల జాతుల మధ్య, వేరే జంతు విభాగాల జీవుల్లోకి కూడా అడ్డంగా దాటాయని చూపింది. వంశంలో తల్లి నుంచి బిడ్డకు రాకుండా, పక్కవాడి నుంచి వచ్చి చేరినవి. చలి నీటి జీవి జీనోమ్‌లో ఉన్న పునరుక్తి వెచ్చని నీటి బంధువు నుంచి వచ్చి ఉండవచ్చునన్నమాట. నా మొదటి ప్రశ్నకు ఇది మరో దెబ్బ.

38వ రోజు

ప్రతి కుటుంబంలోనూ ప్రతులు ఉమ్మడి వరుస నుంచి ఎంత జరిగాయో కొలిచి గీసే పటం ఒకటి ఉంది, కిమురా దూరం అనే కొలతతో. సున్నా దగ్గర గుట్ట ఉంటే ఇటీవలి చురుకుదనం, కుడివైపు గుట్ట ఉంటే పాతది. పెక్టెన్, మయా పటాలు ఇక్కడ పెడదామనుకుని ఆగాను. అడుగు గీత మీద దూరాలను సంవత్సరాలుగా మార్చి రాయాలన్న కోరిక కలిగింది, కానీ మార్చే హక్కు నాకు లేదు.

దూరాన్ని ఏళ్లుగా మార్చాలంటే ఏడాదికి ఎన్ని అక్షరాలు మారతాయో తెలియాలి. ఆ వేగం తరం పొడవు మీద ఆధారపడుతుంది. చన్నీటి చిప్పజీవుల్లో తరాలు ఎంత పొడవుగా ఉండగలవో చెప్పడానికి ఆర్క్‌టికా ఐలాండికా చాలు. 2006లో ఐస్‌లాండ్ దగ్గర పట్టిన ఒక ఆర్క్‌టికా చిప్ప మీది ఏటి గీతలు లెక్కపెడితే వయసు 507 ఏళ్లు తేలింది. ఒక్క జీవి అయిదు శతాబ్దాలు బతికే చోట, ఏడాదికోసారి పిల్లలు పెట్టే జీవుల నుంచి అరువు తెచ్చిన వేగం వాడితే లెక్క ఎటు పోతుందో ఊహించండి. పొట్టి రీడ్‌ల కూర్పుల్లో సున్నా దగ్గరి గుట్ట కూలిపోయి ఉంటుందన్న సంగతి సరేసరి. పటాలు ఉంచాను, ఏళ్లు తీసేశాను.

41వ రోజు

హెలిట్రాన్, ఉపగ్రహాల రెండు ఖాతాల లెక్క సరిచేశాను. మయా ‘తెలియనివి’లో అత్యధిక ప్రతులున్న ఇరవై కుటుంబాలను చేతితో చూడడం పూర్తయింది. ఒక్కోదానికి సగం పూట పడుతోంది. ఉమ్మడి వరుసతో జీనోమ్‌లో ఇరవై ప్రతులు ఏరడం, ఇరువైపులా పొడిగించడం, పేర్చడం, సరిపోలిక ఎక్కడ తెగిపోతుందో చూసి అంచు గుర్తించడం. వాటిలో కొన్ని హెలిట్రాన్ తునకలని తేలింది. రెండు కుటుంబాలు నిజానికి ఒకటే, రిపీట్‌మోడలర్ నడిమికి తెంచి రెండు పేర్లు పెట్టింది. మూడింటికి ఇంకా గోత్రం దొరకలేదు.

‘చలి, వెచ్చదనం’ అని పేరు పెట్టిన దిమ్మెల పటాన్ని ఫలితాల ఫోల్డర్ నుంచి తొలగించాను. దాని స్థానంలో ఒక్కో కుటుంబానికి ఒక్కో ఫైలు పెడుతున్నాను: ఉమ్మడి వరుస, పేర్చిన ప్రతులు, అంచులు, నా అనుమానాలు. ఇరవై అయ్యాయి. రేపు ఇరవై ఒకటోది, అయిదు జీవుల్లోనూ కనిపిస్తున్న తొమ్మిది వందల అక్షరాల కుటుంబం. చివర సీటీ ఉంది, దానికి ముందు మడతపడే వరుస ఉన్నట్టే అనిపిస్తోంది.